ఓజోన్ రంధ్రం నిజంగా పూడుతోందా? ఉపగ్రహం చూపేదీ మోడల్ విడదీసేదీ

2019 సెప్టెంబర్‌లో అంటార్కిటికా మీది ఓజోన్ రంధ్రం 1.64 కోట్ల చదరపు కిలోమీటర్ల దాకా పెరిగి, ఆ వెంటనే కోటి కన్నా తక్కువకు కుంచించుకుపోయింది. రంధ్రాన్ని కనిపెట్టినప్పటి నుంచీ అంత చిన్నది చూడలేదు. సరిగ్గా ఏడాది తిరిగేసరికి, 2020 సెప్టెంబర్‌లో, అది 2.48 కోట్ల చదరపు కిలోమీటర్లు అయింది. మొదటి ఏడాది "ఓజోన్ కోలుకుంది" అన్నారు, రెండో ఏడాది "మళ్లీ దెబ్బతింది" అన్నారు. ఓజోన్‌ను హరించే క్లోరిన్ మాత్రం ఆ ఏడాదిలో పెరగలేదు. ఒక శాతం లోపే అయినా, తగ్గుతూ వస్తోంది.

రెండు కొలతలూ సరైనవే. వాటి నుంచి తీసిన తీర్పులే తప్పు. రంధ్రం ఎంతుందో ఉపగ్రహం చెబుతుంది, ఎందుకంత ఉందో చెప్పదు. ఆ "ఎందుకు"ను విడదీయడానికి వాతావరణ మోడల్ కావాలి. మోడల్‌ను నమ్మాలంటే మళ్లీ ఉపగ్రహ కొలతలే కావాలి. ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఎలా సాగుతుందో తెలిస్తే, ఏటా వచ్చే పరస్పర విరుద్ధమైన వార్తల్లో చిక్కు చాలావరకు విడిపోతుంది.

డాబ్సన్ యూనిట్ అంటే ఏమిటి, 220 ఎక్కడి నుంచి వచ్చింది

భూమ్మీది ఓజోన్‌లో దాదాపు 90 శాతం స్ట్రాటోస్ఫియర్‌లో, అంటే సుమారు 10 నుంచి 50 కిలోమీటర్ల ఎత్తులో ఉండే వాతావరణ పొరలో ఉంటుంది. అక్కడ కూడా అది పలుచగా పరుచుకున్న వాయువే. ఒక చోట నేల నుంచి ఆకాశం అంచు దాకా ఉన్న ఓజోన్ మొత్తాన్ని కిందికి దించి, సున్నా డిగ్రీల సెల్సియస్, సముద్రమట్టపు పీడనం దగ్గర పొరగా పేర్చితే ఎంత మందం వస్తుంది? ప్రపంచ సగటున సుమారు 3 మిల్లీమీటర్లు. అందులో 0.01 మిల్లీమీటరు ఒక డాబ్సన్ యూనిట్. అంటే 3 మిల్లీమీటర్లు 300 యూనిట్లు. అణువుల లెక్కలో చెప్పాలంటే, ఒక యూనిట్ అంటే చదరపు సెంటీమీటరు మీద 2.69 × 10¹⁶ ఓజోన్ అణువులు.

"రంధ్రం" అన్నది ఖాళీ కాదు. మొత్తం ఓజోన్ 220 యూనిట్ల కన్నా తగ్గిన ప్రాంతాన్ని అలా పిలుస్తున్నారు. 1979కి ముందటి అంటార్కిటికా రికార్డుల్లో అంత తక్కువ విలువ లేదు కాబట్టి ఆ గీత గీశారు. అది ఒక హద్దు మాత్రమే. 221 ఉన్న చోటు రంధ్రం బయట, 219 ఉన్న చోటు లోపల. అందుకే వైశాల్యం ఒక్కటే చూస్తే సరిపోదు. అతి తక్కువ విలువ ఎంత, 220కి చేరాలంటే ఎన్ని టన్నుల ఓజోన్ కావాలి అన్న లెక్కలు కూడా వేస్తారు. ఒకే ఏడాది ఈ మూడు కొలమానాలూ మూడు ర్యాంకులు ఇవ్వడం మామూలే.

ఇంకో తేడా మొదట్లోనే మనసులో పెట్టుకోవాలి. మొత్తం ఎంత అన్నది ఒక ప్రశ్న, ఏ ఎత్తులో ఎంత అన్నది వేరే ప్రశ్న. వసంతంలో (అక్కడ సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో) అంటార్కిటికా మీద సుమారు 12 నుంచి 20 కిలోమీటర్ల మధ్య ఓజోన్ దాదాపు పూర్తిగా పోతుంది, పైన ఉన్నది మిగులుతుంది. మొత్తం సంఖ్య చూస్తే "మూడో వంతు మిగిలింది" అనిపిస్తుంది. ఎత్తుల వారీగా చూస్తే ఒక పొర మొత్తం మాయమైందని తెలుస్తుంది.

అంటార్కిటికాలోనే ఎందుకు అన్నది క్లుప్తంగా

అతినీలలోహిత కాంతి ఆక్సిజన్ అణువును చీల్చడం వల్ల ఓజోన్ పుడుతుంది. ఈ లెక్క 1930లో సిడ్నీ చాప్‌మన్ వేశారు. ఫ్రిజ్‌లలో, స్ప్రేలలో వాడిన క్లోరోఫ్లోరోకార్బన్ల (సీఎఫ్‌సీల) నుంచి వచ్చే క్లోరిన్ దాన్ని ఉత్ప్రేరకంగా హరిస్తుందని 1974లో మోలినా, రోలండ్ చూపారు. అయితే ఆ క్లోరిన్ మామూలుగా హైడ్రోజన్ క్లోరైడ్, క్లోరిన్ నైట్రేట్ అనే రెండు సంచుల్లో కట్టుబడి ఉంటుంది. ధ్రువ రాత్రిలో ఉష్ణోగ్రత మైనస్ 78 డిగ్రీల కన్నా దిగితే స్ట్రాటోస్ఫియర్‌లో మేఘాలు ఏర్పడతాయి. వాటి కణాల మీద ఆ రెండూ చర్య జరిపి క్లోరిన్‌ను విడిచిపెడతాయి. సూర్యుడు తిరిగి రాగానే వినాశం మొదలవుతుంది. చలి, చీకటి, తర్వాత వెలుగు, వీటిని బయటి గాలి నుంచి వేరుచేసే ధ్రువ సుడి అన్నీ కలవాలి. 2019లో సెప్టెంబర్ మొదట్లో స్ట్రాటోస్ఫియర్ హఠాత్తుగా వేడెక్కి సుడి బలహీనపడింది. సుమారు 20 కిలోమీటర్ల ఎత్తున ఉష్ణోగ్రత సగటు కన్నా 16 డిగ్రీలు పెరిగింది. క్లోరిన్ ఉన్నా దానికి పని దొరకలేదు.

ఉపగ్రహం ఓజోన్‌ను చూడదు, తగ్గిన వెలుగును చూస్తుంది

1978లో నింబస్-7 మీద ఎగిరిన టామ్స్ నుంచి నేటి ట్రోపోమీ దాకా, కిందికి చూసే పరికరాల మూల సూత్రం ఒకటే. సూర్యకాంతి వాతావరణంలోకి దిగి, గాలి అణువుల మీద, మేఘాల మీద, నేల మీద పడి కొంత తిరిగి పైకి వస్తుంది. 310 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర ఓజోన్ దాన్ని గట్టిగా పీల్చుకుంటుంది, 340 దగ్గర దాదాపు వదిలేస్తుంది. ఈ రెండింటి నిష్పత్తి నుంచి మధ్యలో ఎంత ఓజోన్ ఉందో లెక్కగడతారు.

ఒక సరళమైన లెక్క చూద్దాం. 310 నానోమీటర్ల దగ్గర ఒక్కో ఓజోన్ అణువు కాంతికి అడ్డు నిలిచే వైశాల్యం సుమారు 10⁻¹⁹ చదరపు సెంటీమీటర్లు. 300 యూనిట్ల పొర అంటే చదరపు సెంటీమీటరుకు 8.07 × 10¹⁸ అణువులు. ఈ రెండింటినీ గుణిస్తే వచ్చేది శోషణ మందం, కాంతి ఎంతగా తగ్గుతుందో చెప్పే అంకె. నిట్టనిలువుగా దాటితే అది 0.807. సూర్యుడు నడినెత్తి నుంచి 60 డిగ్రీలు ఒరిగి ఉన్నాడనుకుంటే దిగే దారి రెండింతలు, నేరుగా పైకి వచ్చే దారి ఒకింత, మొత్తం మూడింతలు. శోషణ మందం 2.42 అవుతుంది. తిరిగొచ్చే కాంతి, ఓజోన్ లేకపోతే రావాల్సిన దానిలో 8.9 శాతం. ఇప్పుడు ఓజోన్‌ను 270 యూనిట్లకు తగ్గించండి. అదే లెక్క 11.3 శాతం ఇస్తుంది. ఓజోన్ పదో వంతు తగ్గితే కాంతి పావు వంతుకు పైగా పెరిగింది. ఈ పద్ధతికి బలం ఇదే.

బలహీనత కూడా ఇందులోనే ఉంది. పరికరం సున్నితత్వం ఒక శాతం తరిగిందనుకోండి. ఈ లెక్క ప్రకారం 300 యూనిట్లలో 1.2 యూనిట్ల పొరపాటు వస్తుంది. ఒక రోజు పటానికి అది లెక్కలోకి రాదు. ధ్రువాల బయట దశాబ్దానికి ఒక శాతం లోపు ఉండే మార్పును పట్టాలంటే మాత్రం అదే కొండంత అవుతుంది. అంతరిక్షంలో అద్దాలు, డిఫ్యూజర్ పలకలు అతినీలలోహిత కాంతికి మసకబారుతూనే ఉంటాయి. తరంగదైర్ఘ్యాల నిష్పత్తి తీసుకుంటే పొరపాటులో పెద్ద భాగం రద్దవుతుంది, మొత్తం కాదు.

నిజమైన గణన పైన వేసినంత తేలిక కాదు. కాంతి అంతా ఓజోన్ పొర కింది నుంచే వెనక్కి రాదు, కొంత పైనుంచే చెదిరి వస్తుంది. సూర్యుడు దిగంతానికి దిగేకొద్దీ ఈ చిక్కు పెరుగుతుంది. దట్టమైన మేఘం ఉంటే దాని కింద ఉన్న ఓజోన్ అసలు కనిపించదు, అంత భాగాన్ని పాత సగటులతో నింపాల్సిందే. శోషణ ఉష్ణోగ్రతను బట్టి కూడా మారుతుంది. ఇక రాత్రి, కాంతి లేదు కాబట్టి కొలత లేదు. ధ్రువ శీతాకాలపు పటాల మధ్యలో కనిపించే నల్లటి వృత్తం అక్కడ ఓజోన్ పోయిందనడానికి గుర్తు కాదు. ఆ చోట సమాచారమే లేదు.

1985లో ఏం జరిగింది

1985 మేలో బ్రిటిష్ శాస్త్రవేత్తలు ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ అంటార్కిటికాలోని హాలీ బే కేంద్రంలో ఉన్న నేలమీది పరికరంతో రంధ్రాన్ని ప్రకటించారు. ఉపగ్రహం అప్పటికే ఏడేళ్లుగా చూస్తోంది. "కంప్యూటర్ ఆ డేటాను పారేసింది" అన్న కథ అప్పటి నుంచీ తిరుగుతోంది. అసలు సంగతి వేరు. 180 యూనిట్ల కన్నా తక్కువ వచ్చిన విలువలకు సాఫ్ట్‌వేర్ "అనుమానాస్పదం" అని గుర్తు పెట్టింది, చెరిపేయలేదు. ఉపగ్రహ బృందపు శాస్త్రవేత్తలు ఆ గుర్తుల గుంపును 1984లోనే గమనించారు. సరిచూడటానికి దక్షిణ ధ్రువ కేంద్రపు కొలతలు తీస్తే అక్కడ సుమారు 300 కనిపించింది. ఆ నేలమీది కొలతే తప్పని తర్వాత తేలింది. ఉపగ్రహానికి తన పొరపాటును తాను పట్టుకునే శక్తి లేదు. బయటి సాక్షి కావాలి, ఆ సాక్షి కూడా సరైనదై ఉండాలి. నేటికీ నేలమీది డాబ్సన్, బ్రూవర్ పరికరాలను, బెలూన్లతో పంపే ఓజోన్‌సోండ్‌లను వదలకపోవడానికి కారణం ఇదే.

ఎత్తుల వారీగా తెలియాలంటే పక్క నుంచి చూడాలి

నేరుగా కిందికి చూస్తే పొరలన్నీ ఒకదాని మీద ఒకటి కలిసిపోతాయి. ఏ ఎత్తున ఎంతుందో తెలుసుకోవాలంటే భూమి అంచు వైపు, వాతావరణాన్ని పక్క నుంచి కోసినట్టు చూడాలి. ఇందుకు మూడు దారులున్నాయి.

సేజ్ పరికరాలు సూర్యోదయ, సూర్యాస్తమయాల్లో వాతావరణం గుండా సూర్యుణ్ని చూస్తాయి. ప్రతిసారీ వాతావరణం పైన ఉన్న నిఖార్సైన సూర్యుడితో పోల్చుకుంటాయి కాబట్టి సున్నితత్వం తరిగిన దోషం దాదాపు పోతుంది. సుమారు ఒక కిలోమీటరు పొరను కూడా విడదీయగలవు. కాకపోతే రోజుకు దొరికే కొలతలు ముప్పై చిల్లర. ఓఎంపీఎస్ అంచు పరికరం చెదిరిన కాంతిని చూస్తుంది. కొలతలు ఎక్కువే వస్తాయి, కాని దృష్టి వంద మీటర్లు తప్పినా ఆ తప్పు ఓజోన్ విలువలోకి పాకుతుంది.

మూడోది 2004లో ఆరా ఉపగ్రహం మీద వెళ్లిన ఎంఎల్ఎస్. వాయు అణువులు తమంతట తామే విడుదల చేసే సూక్ష్మతరంగాలను అది వింటుంది. ఓజోన్‌కు 240 గిగాహెర్ట్జ్ దగ్గర, క్లోరిన్ మోనాక్సైడ్‌కు 640 దగ్గర. సూర్యుడు అక్కర్లేదు, రాత్రీ పగలూ ఒకటే. రోజుకు సుమారు 3,500 నిలువు చిత్రాలు ఇస్తుంది. స్ట్రాటోస్ఫియర్‌లో దాని కంటికి రెండున్నర, మూడు కిలోమీటర్ల కన్నా సన్నని పొరలు విడిగా కనపడవు. ఈ లోపం ఉన్నా, ధ్రువ రాత్రి చీకట్లో క్లోరిన్ సంచుల్లోంచి బయటపడే క్రమాన్ని రోజూ చూపింది ఈ పరికరమే. ఓజోన్ చరిత్రలో ఇంత అక్కరకొచ్చిన ఉపగ్రహ పరికరం మరొకటి లేదని నా నమ్మకం.

మోడల్ లోపల ఏముంటుంది

మోడల్ అంటే పాత గణాంకాల గీతను ముందుకు పొడిగించడం కాదు. వాతావరణాన్ని గళ్లుగా విభజించి, ఒక్కో గడిలో వందల రసాయన చర్యలను, కాంతి విచ్ఛేదనాన్ని, గాలి మోసుకొచ్చే వాయువులను కొద్ది నిమిషాల అంగలతో లెక్కిస్తారు. చర్యల వేగాలు ప్రయోగశాల కొలతల నుంచి వస్తాయి.

ఇందులో రెండు రకాలున్నాయి, వాటిని కలిపేసి మాట్లాడటం వల్లే సగం గందరగోళం పుడుతోంది. రసాయన రవాణా మోడల్‌కు గాలులు, ఉష్ణోగ్రతలు బయటి నుంచి ఇస్తారు. నిజంగా ఆ రోజు వీచిన గాలి అది. కాబట్టి 2019 నాటి వేడెక్కడం అందులో ఉంటుంది, ఆ ఏడాది ఉపగ్రహ కొలతతో తారీఖు వారీగా పోల్చవచ్చు. రసాయన వాతావరణ మోడల్ తన గాలులను తానే పుట్టించుకుంటుంది. దాని "2019" మన 2019 కాదు. దానితో ఒక ఏడాదిని పోల్చడం అర్థం లేని పని, దశాబ్దాల సగటులనే పోల్చాలి. భవిష్యత్తుకు గాలుల రికార్డు ఉండదు గనుక రాబోయే కాలం గురించి చెప్పగలిగేది ఈ రెండోదే.

తప్పులు ఎక్కడొస్తాయంటే, ఎక్కువగా ఉష్ణోగ్రత దగ్గర. ధ్రువ మేఘాలకు మైనస్ 78 ఒక గడప లాంటిది. నిజంగా మైనస్ 79 ఉన్న చోట మోడల్ మైనస్ 76 చూపిందా, మేఘమే పుట్టదు, క్లోరిన్ మేల్కోదు. మూడు డిగ్రీల తేడా మామూలు వాతావరణ మోడల్‌కు మంచి ఫలితమే, ఇక్కడ మాత్రం కథ మొత్తం తిరగబడుతుంది.

చర్యల వేగాలూ తిరుగులేనివి కావు. 2007లో ఒక ప్రయోగశాల, క్లోరిన్ మోనాక్సైడ్ జంట అణువు కాంతికి విడిపోయే వేగం అంతకుముందు అనుకున్న దానికన్నా అనేక రెట్లు తక్కువని కొలిచింది. అదే నిజమైతే ధ్రువ సుడిలో కొలిచిన క్లోరిన్ మోనాక్సైడ్‌ను గానీ, పోయిన ఓజోన్‌ను గానీ వివరించడానికి ఏ మోడలూ సరిపోదు. వాతావరణ కొలతలు ఒకవైపు, ప్రయోగశాల మరోవైపు నిలిచాయి. తర్వాతి ప్రయోగాలు పాత వేగాన్నే బలపరిచాయి.

రెండింటినీ పోల్చేటప్పుడు జరిగే పొరపాటు

ఒక పొరలో నిజంగా 14 యూనిట్ల ఓజోన్ ఉందనుకుందాం. ఉపగ్రహ గణన ఖాళీ కాగితంతో మొదలవదు, పాత సగటు నుంచి ఒక ముందస్తు అంచనా తీసుకుంటుంది. అది 20 అనుకుందాం. ఆ పొర విషయంలో పరికరానికి ఉన్న పట్టు 0.6 అయితే, అంటే మార్పులో 60 శాతమే అది గ్రహించగలిగితే, ఫలితం 20 + 0.6 × (14 − 20) = 16.4. మోడల్ కచ్చితంగా 14 చెప్పింది. నేరుగా పోల్చినవాళ్లు "మోడల్ 2.4 యూనిట్లు తక్కువ చూపుతోంది" అంటారు. తప్పు మోడల్‌ది కాదు. మోడల్ విలువను కూడా అదే సూత్రం గుండా పంపాలి, అంటే ఈ పరికరం మోడల్ లోకాన్ని చూసి ఉంటే ఏం చెప్పేదో లెక్కించాలి. అప్పుడు రెండూ 16.4 అవుతాయి. ఈ పట్టు విలువల పట్టికను డేటాతో పాటే ఇస్తారు. దాన్ని వాడకుండా చేసిన పోలికను నమ్మలేం.

రెండింటినీ కలిపే డేటా ఎసిమిలేషన్‌లోనూ ఇదే తూకం. మోడల్ 250 అంటోంది, అనిశ్చితి 10. ఉపగ్రహం 240 అంటోంది, అనిశ్చితి 5. అనిశ్చితుల వర్గాలకు విలోమ నిష్పత్తిలో తూస్తే ఉపగ్రహానికి 100/(100+25), అంటే 0.8 వంతు బరువు. ఫలితం 242, అనిశ్చితి 4.5. రెండింటిలో ఏ ఒక్కదాని కన్నా ఇది నమ్మదగినది, ఆ అనిశ్చితి అంకెలు నిజాయితీగా ఇచ్చినంత వరకు.

కోలుకోవడాన్ని వాతావరణపు ఒడిదుడుకుల నుంచి ఎలా విడదీశారు

ఒక దారి, చలి బాగా నిలకడగా ఉండే కాలాన్ని ఎంచుకోవడం. 2018లో వచ్చిన ఒక అధ్యయనం జూలై మొదటి నుంచి సెప్టెంబర్ మధ్య దాకా ఎంఎల్ఎస్ చూసిన ఓజోన్ నష్టాన్ని ఏటా లెక్కించింది. 2005తో పోలిస్తే 2016 నాటికి ఆ నష్టం సుమారు 20 శాతం తగ్గింది. దీనికి క్లోరిన్ తగ్గడమే కారణమని ఎలా చెప్పాలి? రంధ్రంలో ఓజోన్ దాదాపు అయిపోయాక, మిగిలిన క్లోరిన్ మీథేన్‌తో చర్య జరిపి ఇంచుమించు అంతా హైడ్రోజన్ క్లోరైడ్ అయిపోతుంది. ఆ దశలో అదొక్కటి కొలిస్తే మొత్తం క్లోరిన్ తెలిసినట్టే. గాలి ఏటా వేరే చోటి నుంచి దిగుతుంది కాబట్టి, గాలి ఎంత పాతదో చెప్పే నైట్రస్ ఆక్సైడ్ ఒకే మోతాదులో ఉన్న గాలులనే ఏడాదికేడాది పోల్చారు. క్లోరిన్ ఏటా సుమారు 0.8 శాతం తగ్గుతోందని తేలింది. అంత తగ్గితే ఓజోన్ నష్టం ఎంత తగ్గాలని మోడల్ చెప్పిందో, దానికి కొలత సరిపోయింది.

రెండో దారి, మోడల్‌ను పలుమార్లు నడపడం. 2015 అక్టోబర్‌లో రంధ్రం రికార్డు స్థాయికి పెరిగింది. ఆ ఏప్రిల్‌లో చిలీలో కాల్బుకో అగ్నిపర్వతం పేలింది. ఒక అధ్యయనంలో దాని సల్ఫర్ కణాలతో ఒకసారి, అవి లేకుండా ఒకసారి మోడల్ నడిపితే ఆ పెరుగుదలలో అగ్నిపర్వతం వాటా బయటపడింది. అదే అధ్యయనం అక్టోబర్‌ను కాక సెప్టెంబర్‌ను చూసింది, ఎందుకంటే అక్టోబర్ రంధ్రం మీద వాతావరణం ప్రభావం ఎక్కువ. 2000 నుంచి సెప్టెంబర్ రంధ్రం 40 లక్షల చదరపు కిలోమీటర్లకు పైగా తగ్గిందనీ, అందులో సగానికి పైగా క్లోరిన్ తగ్గడం వల్లేననీ అది లెక్కగట్టింది.

ఇంకా తేలని వాదం: కింది స్ట్రాటోస్ఫియర్

40 కిలోమీటర్ల ఎత్తున కథ స్పష్టంగా ఉంది, ఓజోన్ పెరుగుతోంది. అందులో కొంత క్లోరిన్ తగ్గడం వల్ల, కొంత బొగ్గుపులుసు వాయువు స్ట్రాటోస్ఫియర్‌ను చల్లబరచడం వల్ల. వినాశక చర్యలు చలిలో నెమ్మదిస్తాయి. మరి 24 కిలోమీటర్ల కిందో? 2018లో ఒక బృందం ఉపగ్రహ డేటాను కలిపి చూసి, 60 డిగ్రీల ఉత్తర, దక్షిణ అక్షాంశాల మధ్య ఆ భాగంలో 1998 నుంచి తగ్గుదలే ఉందని, అందుకే మొత్తం ఓజోన్ పెరగడం లేదని చెప్పింది.

అదే ఏడాది మరో బృందం నిజమైన గాలులు ఇచ్చిన రవాణా మోడల్‌తో బదులిచ్చింది. 2017లో ఓజోన్ ఒక్కసారిగా పుంజుకుందని, తగ్గుదలలో ఎక్కువ భాగం గాలుల సహజ ఒడిదుడుకులేనని దాని వాదన. డైక్లోరోమీథేన్ లాంటి, ఓజోన్‌ను హరించే రసాయనాలను నియంత్రించే మాంట్రియల్ ఒప్పందం పరిధిలో లేని స్వల్పాయుష్షు రసాయనాల పాత్ర గురించీ చర్చ నడిచింది. వాటి వాటా చిన్నదేనని ఆ లెక్కలు చూపాయి. గాలుల వివరణే నాకు బలంగా తోస్తుంది. అయినా ఒక ముల్లు మిగిలే ఉంది. వాతావరణం వేడెక్కితే ఉష్ణమండలంలో గాలి వేగంగా పైకి లేచి అక్కడి కింది ఓజోన్ తగ్గాలని రసాయన వాతావరణ మోడళ్లు చెబుతాయి, అది కొలతలతో పొసగుతుంది. మధ్య అక్షాంశాల్లో మాత్రం అవి పెరుగుదలను చెబుతున్నాయి, కొలతల్లో అది స్పష్టంగా కనపడటం లేదు.

వాదం తెగకపోవడానికి డేటాను అతికించడమూ ఒక కారణం. ఏ ఒక్క పరికరమూ నలభై ఏళ్లు బతకదు. కొత్తది పాతదానికన్నా ఒక శాతం ఎక్కువ చూపితే, 300 యూనిట్ల మీద అది 3 యూనిట్ల మెట్టు. దాన్ని తొలగించాలంటే రెండూ కలిసి పనిచేసిన కాలం ఉండాలి. పైగా ఒకటి అణువుల సాంద్రతను ఎత్తు ప్రకారం ఇస్తుంది, మరొకటి నిష్పత్తిని పీడనం ప్రకారం ఇస్తుంది. మార్చడానికి ఉష్ణోగ్రత కావాలి. స్ట్రాటోస్ఫియర్ చల్లబడి కుదించుకుపోతోంది గనుక, ఉష్ణోగ్రత డేటాలోని చిన్న లోపం ఓజోన్ ధోరణిగా వేషం వేసుకుని వస్తుంది.

2066 అన్న సంఖ్యను ఎలా చదవాలి

అంటార్కిటికా ఓజోన్ 1980 నాటి స్థాయికి 2066 ప్రాంతంలో, ఆర్కిటిక్‌లో 2045 ప్రాంతంలో, మిగతా ప్రపంచంలో 2040 ప్రాంతంలో చేరుతుందని 2022 నాటి అంతర్జాతీయ మదింపు. ఇవి చాలా మోడళ్ల సగటు గీత ఆ స్థాయిని దాటే ఏళ్లు. ఒక్కో మోడల్‌లో దాటే ఏడాది ముందూ వెనకా చాలా ఉంటుంది. అంత ఆలస్యం ఎందుకంటే, సీఎఫ్‌సీ-12 వాతావరణంలో దాదాపు వందేళ్లు, సీఎఫ్‌సీ-11 సుమారు యాభై ఏళ్లు నిలుస్తాయి. మధ్యలో 2020 మార్చి నాటి ఆర్కిటిక్ లాగా, 205 యూనిట్ల దాకా దిగే అసాధారణమైన చలి ఏళ్లు వస్తూనే ఉంటాయి. 2022 జనవరిలో హుంగా టోంగా అగ్నిపర్వతం స్ట్రాటోస్ఫియర్‌లోకి సుమారు 15 కోట్ల టన్నుల నీటి ఆవిరిని చిమ్మినట్టు, ఎవరూ ఊహించనివీ వస్తాయి. ఆ ఆవిరిని కొలిచిందీ ఎంఎల్ఎసే.

ఆ పరికరం ఎగిరి రెండు దశాబ్దాలు దాటింది. దాని పనంతటినీ అందుకునే వారసుడు కక్ష్యలో లేడు. ఓఎంపీఎస్, ట్రోపోమీల వల్ల రంధ్రం పటాలు రోజూ వస్తాయి, పగటి ఓజోన్ ఎత్తుల వారీగా కూడా దొరుకుతుంది. ధ్రువ రాత్రి చీకట్లో ఓజోన్‌ను, క్లోరిన్ మోనాక్సైడ్‌ను, హైడ్రోజన్ క్లోరైడ్‌ను, నైట్రస్ ఆక్సైడ్‌ను ఒకే చోట, ఒకే గంటలో కొలవడం మాత్రం దానితోనే ఆగిపోతుంది. అప్పుడు 2019, 2020 లాంటి జంట మళ్లీ ఎదురైతే రంధ్రం వైశాల్యం చేతిలో ఉంటుంది. అందులో క్లోరిన్ వాటా ఎంత, గాలుల వాటా ఎంత అన్నది మాత్రం ఎక్కువగా మోడల్ మాట మీదే ఆధారపడుతుంది.